ఉల్ఫ్‌బెర్ట్ కత్తి, కోనసముద్రం కొలిమి
(గోవాడలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఊరి పిల్లలకి ఏళ్ళ తరబడి చరిత్ర చెప్పిన మాస్టారి పేరు మీద జరుగుతున్న సభ ఇది. యుద్ధం పాఠం అయిపోయాక ఆయన ఒక ప్రశ్న వేసేవారు: రాజు గెలిచాడు సరే, రాజు చేతిలో కత్తి ఎవరు చేశారు? ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది దాని గురించే.

అసాధారణమైన ఆయుధాల కథలు లేని జాతి అరుదు. ఉత్తర ఐరోపాలోని నార్స్ జనం టిర్ఫింగ్ అనే కత్తి గురించి చెప్పుకున్నారు. ఒర నుంచి దూస్తే ఒక ప్రాణం తియ్యందే అది మళ్ళీ ఒరలోకి వెళ్ళదట. కాన్‌స్టాంటినోపుల్ నావికులు ఏడో శతాబ్దంలో శత్రువుల ఓడల మీద చిమ్మిన గ్రీకు నిప్పు నీళ్ళ మీద కూడా మండేది. దాని తయారీ తర్వాతి తరాలకి అందలేదు. బ్రహ్మాస్త్రం వెయ్యడం తెలిసి వెనక్కి తీసుకోవడం తెలియని అశ్వత్థామ కథ మీకు నేను చెప్పక్కర్లేదు.

కథల్ని అలా ఉంచి, మ్యూజియంలో చూడగలిగిన కత్తి దగ్గరికి వద్దాం. సుమారు 800 నుంచి 1000 వరకు, అంటే వైకింగుల కాలంలో, ఉల్ఫ్‌బెర్ట్ అనే పేరు పొదిగిన కత్తులు ఐరోపా అంతటా తిరిగాయి. ఇప్పటికి 170 దాకా దొరికాయి. లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌కి చెందిన ఆలన్ విలియమ్స్ వాటిలో కొన్నిటి లోహాన్ని పరీక్షించాడు. కొన్నిటిలో ఉక్కు ఆ కాలపు ఐరోపా కొలిముల్లో రానంత శుభ్రంగా ఉంది, కర్బనం ఒక శాతం దాటి ఉంది. అలాంటి మేలైన వాటి మీద సిలువ గుర్తు పేరులోని చివరి అక్షరానికి ముందుంది. ఆ గుర్తు చివరి అక్షరం తర్వాత ఉన్న చాలా కత్తులు నాసిరకం ఉక్కువి. వెయ్యేళ్ళ కిందటే నకిలీ సరుకు ఉందన్నమాట!

మేలైన ఉక్కు మూసలో కరిగించినదనీ, వోల్గా నది దారిన తూర్పు నుంచి వచ్చిందనీ విలియమ్స్ వాదన. ఒప్పుకోని పండితులూ ఉన్నారు. అప్పట్లో మధ్య ఆసియాలోని మెర్వ్‌లో మూస ఉక్కు కొలిములు నడిచాయని తవ్వకాల్లో తేలింది. వైకింగుల చేతికెక్కింది మన ఉక్కేనని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ ఆ విద్యలో ఆరితేరినవాళ్ళు మన తెలుగు నేల మీద ఉన్నారు. వాళ్ళ ఊరు నిజామాబాద్ వైపు కోనసముద్రం.

1660ల్లో గోల్కొండకి వెళుతూ ఆ ప్రాంతంలోని ఇందల్వాయి మీదుగా నడిచిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, అక్కడ కత్తులు, బాకులు, ఈటెలు విస్తారంగా తయారై దేశమంతా అమ్ముడవుతున్నాయని రాశాడు. నీటి అలల్లాంటి చారలున్న డమాస్కస్ కత్తులకి పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని ఇంకో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే రాశాడు. 1820 ప్రాంతంలో దేశాన్ని కొలుస్తున్న లాంబ్టన్ సర్వే బృందంలోని డాక్టర్ హెన్రీ వాయిసీ కోనసముద్రం వెళ్ళి, కొలిమి పక్కన నిలబడి చూసినదంతా రాసిపెట్టాడు.

ఆ పని కాస్త దగ్గరగా చూడండి. పాత కొలిమి పెళ్ళలు, పగిలిన మూసలు పొడి చేసి, బంకమట్టిలో ఊక, నూనె కలిపి పిసికి కొత్త మూస చేస్తారు. ఊక కాలిపోయాక దాని బూడిదే మట్టిని గట్టిగా పట్టుకుంటుంది. మూసలో ఒకే ఇనుము వెయ్యరు. నల్లటి అయస్కాంత ఖనిజం నుంచి తీసినదొకటి, ఎర్రటి ఇనుప మట్టి నుంచి తీసినదొకటి, రెండూ పాళ్ళు చూసి కలుపుతారు. బొగ్గు వెయ్యరు, కాస్త పాత గాజు చిట్టెం వేస్తారు. మూత పెట్టి మట్టితో మెత్తి, ఒక పగలూ రాత్రీ తిత్తులు ఊదుతారు. మూస పగలగొడితే ముప్పావు కిలో లోపు బరువున్న గుండ్రటి ముద్ద వస్తుంది. ఆ ముద్దకి మట్టి పూసి మళ్ళీ గంటల తరబడి కాచి చల్లారుస్తారు. పెళుసు తగ్గేదాకా అలా చేస్తూనే ఉంటారు. ఎప్పుడు ఆపాలో చెప్పే పనిముట్టు ఏదీ లేదు. గానుగ దగ్గర బెల్లం వండే మనిషికి పాకం తెలిసినట్టు వాళ్ళకి తెలుసు, అంతే.

వాయిసీ వెళ్ళేసరికి అక్కడ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు ఉక్కు కొంటూ కనిపించాడు. ఇరాన్ నుంచి అంత దూరం వచ్చి, దగ్గరుండి సరుకు చూసుకుని మరీ కొన్నాడంటే ఆ ముద్ద విలువ ఎంతో ఊహించండి.

ఇంగ్లీషువాళ్ళకీ ఆ రహస్యం కావలసివచ్చింది. బొంబాయి నుంచి వెళ్ళిన భారతీయ ఉక్కు నమూనాల మీద జార్జ్ పియర్సన్ 1795లో రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫెరడే 1819 నుంచి కొన్నేళ్ళు ఆ ఉక్కుని పరీక్షించాడు. మామూలు ఇనుములా తెల్లగా కాలేదాకా కాచి సుత్తి వేస్తే ఈ ఉక్కు పొడిపొడి అయిపోతుంది. ఎర్రగా ఉన్నప్పుడే, ఓపిగ్గా సాగదియ్యాలి. ఐరోపా కమ్మర్ల చేతి అలవాటు వేరు కాబట్టి చాలామంది అక్కడే దెబ్బతిన్నారు.

ఇంతటి విద్య ఎలా పోయింది? ఎవరో దాచేసి చచ్చిపోయారన్న కథ నేను నమ్మను. తుపాకులు, ఫిరంగులు వచ్చాక కత్తి బేరం పడిపోయింది. 1857 తర్వాత కుంఫిణీ పోయి బ్రిటిష్ రాణి పాలన వచ్చింది. 1878 ఆయుధాల చట్టంతో బ్రిటిష్ ఇండియాలో లైసెన్సు లేకుండా ఆయుధం పట్టడమే నేరమైంది. ఉక్కుని రాశులుగా తీసే బెస్సెమర్ పద్ధతి వచ్చాక సీమ ఉక్కు చవగ్గా ఓడల్లో దిగింది. అమెరికాలో వెర్‌హోవెన్ అనే ఆచార్యుడు, పెండ్రే అనే కమ్మరి కలిసి ఇంకో కారణం కనిపెట్టారు. కత్తి మీద ఆ చారలు రావాలంటే ఖనిజంలో వనేడియం లాంటి మూలకం అతి స్వల్పంగా ఉండాలి. ఖనిజం తీసే గని మారితే, పని అంతా పద్ధతిగానే చేసినా చార రాదు. పాపం, కమ్మరికి తన తప్పేమిటో తెలియదు. కొడుక్కి ఏమని నేర్పుతాడు?

నన్ను బాధపెట్టేది మాత్రం ఇది. 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు పదిహేడో శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కలో కర్బన నానో గొట్టాలు చూశామని ప్రకటించారు. ఆ కత్తి చేసిన అసదుల్లా పేరు మనకి తెలుసు. ఉల్ఫ్‌బెర్ట్ పేరు తెలుసు. ఉక్కు కొన్న హాజీ హుసేన్ పేరూ తెలుసు. ముద్ద కాచిన తెలుగు కమ్మరి పేరు మాత్రం ఏ కత్తి మీదా లేదు. 2010లో మన పరిశోధకులు, ఇంగ్లండువాళ్ళు కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళు గాలిస్తే వందల చోట్ల చిట్టెం గుట్టలు కనిపించాయి. అన్నీ పేరు లేని మనుషులవే.

చదువుకుంటున్న పిల్లల్ని ఒకటి అడుగుతాను. ఈ చుట్టుపక్కల చెరకు నరికే కత్తులు చేసే కమ్మర్లు ఇంకా ఉన్నారు. లారీ కమాను పట్టీ ముక్క కాచి, సాగదీసి, నీళ్ళలో ముంచి పదును పెడతారు. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. ఏ రంగు వచ్చాక పట్టీ బయటికి తీస్తారు, నీళ్ళలో ఎంతసేపు ఉంచుతారు, ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అన్నీ అడిగి రాసుకోండి. కాగితం పైన మొట్టమొదట వాళ్ళ పేరు రాయండి.