మెరుగు వెనుక బలము

పండుగ దినములు సమీపించినపుడు విజయవాడ ఆటోనగరు వీధులకు ఒక క్రొత్త శోభ వచ్చును. అంగళ్ల ముంగిట క్రోమియము పూత పూసిన చక్రములు అద్దములవలె వ్రేలాడుచుండును. కారు గలవారు వానిలో తమ ముఖము చూచుకొని మురియుదురు. లారీ యజమాని తన బండికి నగ పెట్టదలచును. బండిని అలంకరించుకొను ముచ్చట మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. ఎద్దుల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగి, మెడలకు మువ్వల పట్టెడలు కట్టినవారి మనుమలమే గదా మనము! ఆ ముచ్చటను మేము తప్పుపట్టము. అయితే నగ జారినచో బంగారము పోవును. చక్రము జారినచో ప్రాణము పోవును. కనుక చక్రములు కొనువారు ముందుగా విచారింపవలసిన సంగతులు కొన్నింటిని మనవి చేయుదుము.

మొట్టమొదట ఆ మెరుగు ఏమిటో తెలిసికొందము. కంటికి కనబడు క్రోమియము పొర మందము సామాన్యముగా ఒక మైక్రానుకంటె తక్కువ. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. దానికి క్రింద అంతకంటె ఎన్నో రెట్లు మందమైన నికెలు పొర ఉండును. తుప్పును ప్రధానముగా అడ్డుకొనునది ఆ నికెలే. క్రోమియము దానిపై గట్టి తెరగా నిలిచి గీతలు పడకుండను, కాంతి మాయకుండను కాపాడును. ఈ రెండును భారము మోయవు. భారము మోయునది లోపలి ఉక్కు, లేదా అల్యూమినియము మిశ్రమ లోహము. ఒకే తీరున మెరయు రెండు చక్రములలో ఒకటి దృఢమైనది, రెండవది దుర్బలమైనది కావచ్చును. ఆ భేదము కంటికి తెలియదు, కొలతలవలననే తెలియును.

మా మిత్రులొకరు తమ కారునకు అట్టి చక్రములు కొని తెచ్చిరి. కారు హబ్బునకు ఐదు స్టడ్డులు, వాని వలయము 114.3 మిల్లీమీటర్లు, క్రొత్త చక్రములకును అంతే. అన్నియు సరిపోయినవని సంతసించిరి. కాని బండి ఎనుబది కిలోమీటర్ల వేగమందుకొనగనే స్టీరింగు వణకసాగెను. విచారింపగా తేలినదేమనిన, కారు హబ్బు కొలత 60.1 మిల్లీమీటర్లు, చక్రపు నడిమి రంధ్రము 67.1. స్టడ్డులు కలిసినవే కాని చక్రము కేంద్రమున నిలువలేదు. తగిన కొలత గల నడిమి కడియము వేయించిన పిమ్మటగాని వణకు మానలేదు.

కాబట్టి స్టడ్డుల సంఖ్య, వాని వలయము, నడిమి రంధ్రము — ఈ మూడింటిని కంటితో గాక కొలతతో చూడవలెను. ఫియట్ వారి పలు కార్లలో నాలుగు స్టడ్డుల వలయము 98 మిల్లీమీటర్లు. ఇతరుల కార్లు అనేకములందు 100. రెండు మిల్లీమీటర్లే గదా యని బలవంతముగా బిగించినచో స్టడ్డులు వంగును, నట్లు సరిగా కూర్చొనవు. నాలుగవది ఆఫ్‌సెట్. చక్రపు వెడల్పు నడిమి గీతకును, హబ్బును తాకు ముఖమునకును గల దూరమది. అది మారినచో చక్రము వెలికి పొడుచుకొని వచ్చి బేరింగులను శ్రమపెట్టును; లేదా లోనికి జరిగి బ్రేకు భాగములను రాచుకొనును.

ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది, భారము. లారీల సంగతి చూడుడు. 2018 నాటి ఉత్తరువు ప్రకారము నాలుగు టైర్లు గల ఒంటి ఇరుసుపై అనుమతించిన గరిష్ఠ భారము 11.5 టన్నులు. దానిని నాలుగు చక్రములకు పంచినచో ఒక్కొక్కదానిపై 2,875 కిలోలు పడును. రిమ్ముపై అచ్చుగ్రుద్దిన భారపు అంకె ఇంతకు తక్కువైనచో, అది ఎంత మెరసినను అంగడిలోనే ఉండనిండు. కారు విషయమునను లెక్క ఇదే: ఇరుసు గరిష్ఠ భారములో సగము ఒక్కొక్క చక్రము మోయవలెను. అంకెయే లేని చక్రమును కొననే వలదు. భారతీయ ప్రమాణములలో కార్ల చక్రముల పరీక్షలకు ఐ.ఎస్. 9436, లారీలకు బస్సులకు ఐ.ఎస్. 9438 ఉన్నవి. ఆ ముద్రను అడిగి చూడుడు.

లారీవారికి మరొక మాట. నట్టు సడలినపుడు దాని చుట్టును తుప్పు చారలు పుట్టును. వేకువనే బండి తీయు డ్రైవరునకు అందు తొలి హెచ్చరిక అదియే. నట్లపై తొడిగిన మెరుపు టోపీలు ఆ హెచ్చరికను కప్పివేయును. తొడుగులు పెట్టుకొన్నవారు వానిని తరచు తీసి చూచుచుండవలెను. స్టడ్డులకు మాత్రము స్వంతముగా పూత వేయింపరాదు. గట్టి ఉక్కుకు విద్యుత్తుతో పూత వేయునపుడు హైడ్రోజను లోనికి చొచ్చి దానిని పెళుసు చేయును; వెంటనే కొన్ని గంటలు వేడిమిలో ఉంచి దానిని వెడలగొట్టనిచో, స్టడ్డు ఒకనాడు చెప్పకయే విరుగును.

చట్టము మాటయును మరువరాదు. తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. సుప్రీం కోర్టు 2019లో దీనినే స్థిరపరచెను. బండితో వచ్చిన పుస్తకమున చెప్పిన కొలతలను మీరకుండుటయే క్షేమము.

విశాఖపట్టణము, కాకినాడవంటి తీరములందు ఉప్పుగాలి పూతలోని సూదిమొన రంధ్రములగుండ చొచ్చి, లోపలి లోహమును తినును. పూత పొట్టువలె లేచును. ఆ అంచు కత్తివలె కోయును. వారమునకొకసారి మంచినీటితోను మెత్తని సబ్బుతోను కడిగి తుడిచిన చాలును, ఆమ్లములతో తోమరాదు. ఊడిన పూతను ఇరుకు కొట్లలో మరల వేయించుటయు మంచిది కాదు. ఆ తొట్లనుండి లేచు ఆరు సంయోజకతల క్రోమియము క్యాన్సరు కారకము; మన బండి మెరుగునకు వేరొకరి ఊపిరి వెల కారాదు.

క్రొత్త చక్రములు బిగించిన పిమ్మట నూరు కిలోమీటర్లు దాటకముందే నట్ల బిగువును టార్కు పానాతో మరల సరిచూపించుకొనుడు. ఆ పని ముగిసినపుడే బేరము ముగిసినదని తలపుడు. రాత్రివేళ బండి ఇంటికి చేరువరకు వాకిట దీపముంచి ఎదురుచూచు ఇల్లాలికి చక్రపు మెరుగుతో పని లేదు. అది తిన్నగా తిరిగి ఇల్లు చేరుటయే ఆమెకు కావలసినది.