పులిచింతల నీళ్లు, దివిసీమ మడ



సముద్రం చూడాలంటే బాపట్ల దాకా పోవాల్సిన ఊళ్లో మడ అడవుల మీద ఉపన్యాసమేమిటని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. మిర్చి తెగుళ్ల గురించో, బోర్లు ఎండిపోవడం గురించో అయితే ఇంకో వందమంది వచ్చేవారు, నాకు తెలుసు. అయినా ఈ సంగతి ఈ ఊళ్లోనే చెప్పాలనుకున్నాను. మీ బెల్లంకొండ మండలం అంచున కృష్ణకు అడ్డంగా పులిచింతల ప్రాజెక్టు 24 గేట్లున్నాయి. వాటి కింద నుంచి పోయే నీళ్లకూ, హంసలదీవి దగ్గర బురదలో నిలబడ్డ అడవికీ ఉన్న సంబంధం డెల్టాలోనే చాలామందికి తెలియదు.

పులిచింతల కథ మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 1988లో శంకుస్థాపన, 2004 తర్వాత పనుల్లో కదలిక, 2013 డిసెంబరులో ప్రారంభం. 45.77 టీఎంసీల జలాశయం. ఆ నీళ్లు మీ మిర్చి చేలకు రావు. ప్రకాశం బ్యారేజీకి పోతాయి, డెల్టాలో నారుమళ్లు వేళకు పడడానికి. దానికోసం మునిగినవి మాత్రం ఎగువ ఊళ్లు. ప్రపంచానికి వజ్రాలు పంపిన కొల్లూరు కూడా ఆ నీళ్ల కిందే ఉంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ ఊళ్ల నుంచి లేచివచ్చినవాళ్లు ఉండే ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. వరద వచ్చిన ప్రతిసారీ మనం ఒక మాట అంటాం, పేపర్లోనూ చదువుతాం: ఇన్ని వందల టీఎంసీలు వృథాగా సముద్రం పాలయ్యాయి అని. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆ కట్ట పుట్టాక నమోదైన పెద్ద వరద అదే. లంక గ్రామాలు మునిగాయి, నష్టం నష్టమే. కానీ సముద్రానికి చేరే ప్రతి చుక్కా దండగ అనుకోవడం మాత్రం ఒప్పుకోలేను. నది సముద్రంలో కలిసేచోట ఆ నీళ్ల మీద, ఆ నీళ్లు మోసుకొచ్చే ఒండ్రు మీద బతికే అడవి ఒకటుంది. దాన్ని నమ్ముకుని బతికే జనం ఉన్నారు.

పులిగడ్డ దగ్గర కృష్ణ చీలుతుంది. ఆ పాయల మధ్య ఉన్నదే దివిసీమ. పాయలు సముద్రంలో కలిసేచోటును అక్కడివాళ్లు మొగ అంటారు. నాగాయలంక దాటి సొర్లగొంది, నాచుగుంట వైపు పోతే, ఇటు నిజాంపట్నం, లంకెవానిదిబ్బ వైపు పోయినా, ఆటుపోట్లు వచ్చిపోయే బురద నేలలో ఈ మడ అడవి కనిపిస్తుంది. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. గోదావరి మొగలో కాకినాడ దగ్గర కోరంగి ఇంకా పెద్దది, 235 పైచిలుకు, 1978లోనే అభయారణ్యమైంది. రాష్ట్రం మొత్తం మీద మడ ఉన్నది సుమారు 420 చదరపు కిలోమీటర్లు, దేశంలో ఐదు వేలకు కాస్త తక్కువ.

పడవ దిగి మోకాలిలోతు బురదలో నాలుగడుగులు వేస్తే కాళ్లకు మొదట తగిలేవి వేళ్లు. మడచెట్టు వేళ్లు కిందికే కాదు, పైకీ పెరుగుతాయి. ఆ బురదలో గాలి ఆడదు, అందుకని జానెడు పొడవున వందలకొద్దీ వేళ్లు నేలలోంచి తల ఎత్తి, పోటు తీసినప్పుడు గాలి పీల్చుకుంటాయి. ఒక మడ ఆకు తెంపి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఆకు మీద తెల్లటి ఉప్పు పలుకులు కంటికే కనిపిస్తాయి; చెట్టు తాగిన నీళ్లలో ఎక్కువైన ఉప్పును అలా బయటికి తోసేస్తుంది. పక్కనే ఉప్పుపొన్న చెట్టు పద్ధతి వేరు. దాని కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మూరెడు పొడుగు మొలకై వేలాడుతుంది. పండి రాలినప్పుడు బురదలో నిలువునా దిగిందా, అక్కడే నాటుకుంటుంది. నీళ్లలో పడిందా, ఎక్కడో ఒడ్డు తగిలేదాకా తేలుతూ పోతుంది. ఇంకొకటి తిల్ల. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని భయం. ఆ భయం ఉత్తదేం కాదు. కట్టెలు కొట్టేవాళ్లు దాని జోలికి చూసి మరీ వెళతారు.

ఇవన్నీ చూసి ఇవి ఉప్పునీటి చెట్లు కదా, నది నీళ్లతో ఏం పని అంటారు. ఇవి ఉప్పును ఓర్చుకుంటాయి, అంతే. మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసేచోటే ఇవి ఏపుగా ఎదుగుతాయి. ఉప్పు మరీ ఎక్కువైతే చెట్టు గిడసబారుతుంది, కాయ తగ్గుతుంది, ఓర్పు తక్కువ జాతులు ఒక్కొక్కటే తప్పుకుంటాయి. అదీ దాటితే నేల తెల్లబడుతుంది. చౌడు అంటే ఏమిటో పల్నాటి రైతుకు చెప్పనక్కర్లేదు.

కృష్ణా లెక్కలు చూడండి. గత శతాబ్దం మొదటి అరవై ఏళ్లలో సగటున ఏటా 2,000 టీఎంసీల దాకా సముద్రానికి చేరేవి. 1990ల నాటికి అది 400 లోపుకు పడిపోయింది. 2000 తర్వాత వచ్చిన కరువు ఏళ్లలో చేరింది నామమాత్రం. మధ్యలో వచ్చినవి నాగార్జునసాగర్, శ్రీశైలం, పైన ఆలమట్టి, ఇంకా ఎన్నో. పులిచింతల ఒక్కదాన్నే తప్పుబట్టడం అన్యాయం. అది వచ్చేసరికే కథ చాలావరకు అయిపోయింది. ఇప్పుడు వరద ఏడాదిలో నెలరోజులు నది పొంగిపొర్లుతుంది, మిగతా నెలల్లో బ్యారేజీ కింద ఇసుక కనబడుతుంది. వేసవిలో ఉప్పునీళ్లు పాయల వెంట పైకి ఎగదన్నుతాయి. నీళ్లతోపాటు ఒండ్రు కూడా జలాశయాల అడుగునే ఉండిపోతోంది. డెల్టా అంటేనే నది మోసుకొచ్చిన మట్టి. మట్టి రావడం ఆగితే సముద్రం కోత మొదలుపెడుతుంది. మన నదుల మొగల్లో తీరం కొన్నిచోట్ల వెనక్కి జరుగుతోందని ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో చూపించారు. తీరం వెనక్కి జరిగితే ముందు సముద్రంలో పడేది మడే.

పోతే పోయింది, బురదలో పొదలేగా అనేవాళ్లకు దివిసీమను గుర్తు చేయాలి. 1977 నవంబర్ 19. పెద్దవాళ్లకు ఆ రోజు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఐదారు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన, కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. సర్కారు లెక్కే 10,000 దాకా ప్రాణాలు పోయాయంటుంది; అంతకంటే ఎక్కువేనని దివిసీమలో అంటారు.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. మడ ఉంటే ఆ ఉప్పెన ఆగిపోయేదని కొందరు వేదికల మీద చెబుతుంటారు. ఆగదు. పరిశోధనల సారాంశం ఇది: వంద మీటర్ల మడ దాటేసరికి గాలి అలల ఎత్తు పదమూడు నుంచి అరవై ఆరు శాతం దాకా తగ్గుతుంది. ఉప్పెన మాత్రం కిలోమీటరు మడకు అర మీటరు లోపే తగ్గుతుంది. ఐదు మీటర్ల నీటిగోడకు అర మీటరు తగ్గితే ఏం లాభం అనకండి. నడుం లోతుకూ పీకల లోతుకూ తేడా అక్కడే ఉంటుంది. 1999 అక్టోబరు ఒడిశా మహాతుఫాను తర్వాత కేంద్రపడా జిల్లాలో 400కు పైగా ఊళ్లను సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కకట్టి, 2009లో ప్రచురించారు. ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఎంత వెడల్పుంటే చావులు అంత తక్కువగా ఉన్నాయి. అదే పరిశోధనలో ఇంకో నిజం కూడా ఉంది: ముందుగా హెచ్చరిక అందడం వల్ల బతికినవాళ్లు మడ వల్ల బతికినవాళ్లకంటే ఎక్కువ. కాబట్టి తుఫాను షెల్టరూ కావాలి, సెల్‌ఫోన్ హెచ్చరికా కావాలి, మడా కావాలి. సునామీ తర్వాత మడ ఊళ్లను కాపాడిందన్న తొలి లెక్కలను ఇంకొందరు శాస్త్రవేత్తలు సవాలు చేశారు, ఊరు ఎత్తులో ఉండడం, సముద్రానికి దూరంగా ఉండడమే అసలు కారణమన్నారు. అలాంటి తగవులు రావడం మంచిదే. అబద్ధపు భరోసా ఇచ్చి జనాన్ని ఒడ్డున కూర్చోబెట్టడం కంటే అది నయం.

తుఫాను ఎప్పుడో వస్తుంది, కూడు రోజూ కావాలి. మడ రోజూ పెట్టేది అదే. రొయ్య పిల్ల, పండుగప్ప పిల్ల సముద్రం నుంచి పోటుతో వచ్చి ఆ వేళ్ల సందుల్లో దాక్కుని పెరుగుతాయి. మండపీత బొరియ చేసుకునేది ఆ బురదలోనే. యానాదులు పోటు తీసిన పాటు వేళ కాలవల్లో దిగి, బొరియ చూసి పీత ఉందో లేదో చెబుతారు, ఇనుప కొక్కెంతో బయటికి లాగి, డెక్కలకు గడ్డితాడు బిగించి బుట్టలో వేస్తారు. వలా, పడవా, అప్పూ లేకుండా ఇల్లు గడిచే పని అది. మడ పోతే ముందు పస్తుండేది ఆ ఇళ్లే. సముద్రంలోకి పోయే పెద్ద బోట్లవాళ్లకు కూడా నష్టం తగులుతుంది, కాకపోతే ఆలస్యంగా.

నది నీళ్లు తగ్గి జరిగిన నష్టం ఒకటైతే, మనం చేతులారా చేసింది ఇంకొకటి. 1990ల మొదట్లో రొయ్యల చెరువుల గాలి వీచినప్పుడు తీరమంతా తవ్వేశారు. తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు ఖాళీ అయ్యాయి. తవ్విన నేల మాత్రం అలాగే మిగిలింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో ఆ చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. తర్వాత చట్టాలు మారాయి, మినహాయింపులు వచ్చాయి. 2020లో కాకినాడలో ఇళ్ల స్థలాల పేరుతో మడ నేల పూడ్చారన్న వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. పేదలకు ఇల్లు కావాల్సిందే. పోటు వచ్చే నేలలో ఇవ్వడం పేదలకు చేసే మేలేనా అన్నది నా అనుమానం.

పోయిన మడను తిరిగి తేవచ్చా? తేవచ్చు. మన దగ్గరే తెచ్చి చూపించారు. ఎమ్మెస్ స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1996 నుంచి అటవీశాఖతోనూ ఊళ్లవాళ్లతోనూ కలిసి గోదావరి, కృష్ణా మొగల్లో ఈ పని చేసింది. ముందు వాళ్లు చూసింది నేల ఎందుకు చచ్చిందని. ఎప్పుడో చెట్లు నరికేసినచోట ఎండ నేరుగా పడి, బురద ఎండి, నేల కుంగి తొట్టిలా తయారైంది. పోటు నీళ్లు అందులోకి వచ్చి బయటికి పోలేక అక్కడే ఇగిరి, ఉప్పు పేరుకుంది. అలాంటి నేలలో మొక్క నాటితే వారం కూడా బతకదు. అందుకని ముందు కాలవలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలవ, దానికి ఇరుపక్కలా ఏటవాలుగా పిల్లకాలవలు. చూపుకు చేపముల్లు ఆకారం. మిర్చి చేలో తడి పెట్టడానికి మీరు బోదెలు తీయరా, అలాంటిదే. పోటుకు నీళ్లు లోపలికి, పాటుకు బయటికి. రోజుకు రెండు సార్లు కడిగేసరికి నెమ్మదిగా ఉప్పు దిగింది. ఆ కాలవల గట్ల మీద మడకాయలు, మొక్కలు పెట్టారు. కొన్నాళ్లకు వాటంతట అవే మొలకలు రావడం మొదలైంది. కాలవ పూడకుండా చూడడం ఊరివాళ్ల వన సంరక్షణ సమితి పని.

ఈ పద్ధతి తెలియకుండా మొక్కలు నాటడమే పునరుద్ధరణ అనుకున్న దేశాలు చేతులు కాల్చుకున్నాయి. ఫిలిప్పీన్స్‌లో కోట్లు ఖర్చుపెట్టి నాటినవాటిలో బతికింది పదీ ఇరవై శాతమే. చెట్టు ఎప్పుడూ లేని ఒడ్డున, సముద్రపు అలల్లో, ఆ చోటికి పనికిరాని జాతిని నాటారు. మన దేశంలో 2023 జూన్ 5న మిష్టి అనే పథకం మొదలైంది, 540 చదరపు కిలోమీటర్లలో మడ పెంచాలని లక్ష్యం. మంచిదే. ఎన్ని లక్షల మొక్కలు నాటారన్న లెక్క కంటే, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయన్నదీ, ఎన్ని కాలవలు పూడకుండా ఉన్నాయన్నదీ అడగాలి. బురదలో మంత్రిగారు మొక్క పట్టుకున్న ఫొటో నాకు అక్కర్లేదు.

కాలవ ఎంత బాగా తవ్వినా, పైనుంచి నది రాకపోతే ఆ పని సగమే. అందుకే మీ గడప తొక్కాను. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో 2,060 టీఎంసీలు పంచింది: మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. మొగకు ఒక్క పద్దూ లేదు. వరదల్లో మిగిలిందే దానికి. ఇప్పుడు ఆ మిగులు మీదా కొత్త పథకాలు వస్తున్నాయి. నేను అడిగేది వందల టీఎంసీలు కాదు. ఎండాకాలంలో బ్యారేజీ కింద నది పూర్తిగా తెగిపోకుండా, ఉప్పును కాస్త వెనక్కి నెట్టేటంత ప్రవాహం. ఎంత అన్నది ఇంజనీర్లూ, మడ మీద పనిచేసే మేమూ కలిసి కూర్చుని తేల్చవచ్చు. తేల్చాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి.

దివిసీమ జాలరులు అడిగితే, మీ చేపల కోసం మా పంటలు ఎండబెట్టమంటారా అని ఎగువవాళ్లు కసురుతారు. డెల్టా రైతు అడిగితే ఆయనకు ఇప్పటికే వాటా ఉందంటారు. అందరి కోసం ఊళ్లు నీళ్లకు ఇచ్చిన మండలం మీది. కృష్ణా నీళ్ల మీద ఈసారి ఏ సభ జరిగినా, ఏ నాయకుడు వచ్చినా, మొగ పద్దు ఏదండీ అని బెల్లంకొండ నుంచి ఒకరు లేచి అడగండి. మీ మాటను స్వార్థమని ఎవరూ కొట్టిపారేయలేరు.