చిరిగిన పట్టికలో ఒక రాజు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను కాను. ఊరి లెక్కలు వ్రాయువాడను. నాకు వచ్చిన నాలుగక్షరములును ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి నేర్చినవే. కావున నా వృత్తికి దగ్గరైన విషయమునే యెన్నుకొంటిని. చిరిగిన కాగితమునుండి పోయిన పేరును రాబట్టుట యెట్లు? ఉదాహరణము మాత్రము నైలునది యొడ్డున నున్న ఈజిప్టు దేశముది.

ఇటలీలోని టురిన్ నగరపు ప్రదర్శనశాలలో ఒక పెపైరస్ పత్రము కలదు. అది క్రీస్తుకు పూర్వము 13వ శతాబ్దమున, రెండవ రామెసెస్ కాలమున వ్రాయబడినదని పండితులందురు. దానికొక ప్రక్క పన్నుల లెక్క. వెనుకప్రక్క రాజుల పట్టిక! ఖర్చయిన కాగితమును పారవేయ మనసొప్పని లెక్కలవా డెవడో అక్కడను ఉండెనని నాకు తోచి నవ్వు వచ్చినది. ఈజిప్టు లిపి గుట్టు విప్పిన షాంపోలియను 1824లో దానిని చూచునప్పటికే అది ముక్కముక్కలై యుండెను.

ఆ పట్టికలో ఒకచోట పండ్రెండుగురికి మించిన రాజుల వరుస కలదు. పేర్లు చాలవరకు పోయినవి. వరుస తలయందు మాత్రము ఇద్దరి పేర్లలో ‘వోసెర్… రె’ అను భాగము మిగిలినది. నడిమి భాగము లేదు. వీరు అబైడోస్ ప్రాంతము నేలిన ప్రత్యేక వంశమువారు కావచ్చునని డెన్మార్కు పండితుడు కిమ్ రీహోల్ట్ 1997లో ప్రతిపాదించెను. కొందరు సమ్మతింపలేదు. ఆధారము అంత స్వల్పము.

2014 జనవరిలో అబైడోస్ కడ, జోసెఫ్ వెగ్నర్ నాయకత్వమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ఈజిప్టు ప్రభుత్వ శాఖతో కలసి త్రవ్వగా, నాలుగు గదుల సమాధి యొకటి బయల్పడినట్లు ప్రకటింపబడెను. దొంగలు ముందే దోచిరి. అయినను సున్నపురాతి గోడపై రంగులతో వ్రాసిన పేరు మిగిలినది. రాజనామమును కోడిగ్రుడ్డువంటి గీత నడుమ వ్రాయుట వారి యాచారము. ఆ గీతలో నున్న పేరు వోసెరిబ్రె సెనెబ్‌కే. మొదటిది పట్టాభిషేక నామము, రెండవది పుట్టుపేరు. వోసెరిబ్రె యనగా ‘రె యను సూర్యుని హృదయము బలము గలది’ యని యర్థము.

ఇప్పుడు చెక్కుబందీ సరిచూతము. పట్టికలోని ‘వోసెర్… రె’లో ఈ పేరు ఇముడుచున్నది. దొరికిన చోటు అబైడోస్. మృతుని అంత్రములుంచు పెట్టె పాత కొయ్యతో చేసినది. దానిపై సోబెక్‌హోటెప్ అను పూర్వరాజు పేరు కనబడెను. అనగా ఇతడు అతనికి తరువాతివాడు, క్రొత్త కొయ్య తెప్పించుకొనలేని చిన్నరాజు. ఉత్తరమున హిక్సోసులు, దక్షిణమున థీబ్సు రాజులు. నడుమ క్రీస్తుకు పూర్వము 1650 ప్రాంతమున ఈ చిన్న రాజ్యము. ఎముకలను పరీక్షింపగా 18 గాయములు కనబడినవి. పాదములపైన, నడుముపైన, తలపైన గొడ్డలి దెబ్బలు. ఇతడు పోరున కూలెనని 2015లో ప్రకటించిరి. పట్టికలోని ఇద్దరిలో నొకడు ఇతడే కావచ్చునని పండితుల యభిప్రాయము. ‘కావచ్చును’ అను మాటను మీరు గమనింపవలెను.

ఎందుకన, నా ముప్పదవ యేట ఆ మాట వ్రాయక నేనొక తప్పు చేసితిని. చెదలు తిన్న పాత అడంగలులో పేరున్నచోట కన్నము మిగిలెను. హద్దులను బట్టి ఫలానావారిదని తోచి, నకలులో ఆ పేరు వ్రాసితిని. తోచినదని వ్రాయలేదు; ఉన్నదని వ్రాసితిని. రెండేండ్లకు అసలు దస్తావేజు బయటపడగా ఆ భూమి వేరొకరిదయ్యెను. ఆ నడుమ ఆ యింటి వితంతువు కార్యాలయములచుట్టు తిరిగిన తిరుగుడు నేటికిని నా కన్నులయెదుట నున్నది. ఆమె నన్నొక మాటయు ననలేదు. అనియున్న బాగుండెడిది.

అందుచేతనే 2025 మార్చిలో వచ్చిన మరియొక వార్త నాకెక్కువ నచ్చినది. అబైడోస్‌లోనే సెనెబ్‌కే సమాధికంటె పెద్దది, భూమికి సుమారు 7 మీటర్ల లోతున, మరియొక రాజసమాధి దొరకెను. ద్వారముకడ ఐసిస్, నెఫ్తిస్ దేవతల చిత్రములున్నవి. వారి ప్రక్కనే రాజు పేరుండెను. దొంగల చేతులలో అది చెడిపోయినది. సెనైఇబ్, పయెంత్‌జెని యను రాజులలో నొకడు కావచ్చునని త్రవ్వినవారనిరి. ఇంత శ్రమపడి త్రవ్వియు, తోచిన పేరును ఖాయము చేయక, గడిని ఖాళీగా నుంచిరి. ఖాళీ గడియు ఒక లెక్కయే. దానిని చూచి రేపు వెదకువాడు బయలుదేరును. తప్పు పేరును చూచినవాడు వెదకుట మానును.

పేరు నిలిచినచో మనుష్యుడు నిలుచునని ప్రాచీన ఈజిప్టువారు నమ్మిరి. మన గ్రంథాలయమున పుస్తకముల పట్టికయు, చందాదారుల పట్టికయు కలవు. వానిని చెదలనుండి కాపాడుడు. చిరిగినచోట మాత్రము చిరిగినదనియే వ్రాయుడు. ఇదియే లెక్కలవాని విన్నపము. సెలవు.