ముందు ఇల్లు, పిమ్మట పని



ఇల్లు లేనివానిని జూచినపుడు, పని చేసికొన్నచో వానికిని ఇల్లు సమకూడును గదా యని మనము తలంతుము. ఈ వరుస తలక్రిందులైనదని నా మనవి.

అరుగుమీద నిద్రించువాడు తెల్లవారకమున్నే లేచి పోవలయును. తన మూట నెచ్చట దాచును? స్నాన మెచ్చట జేయును? ఉనికిపట్టు చెప్పలేనివానిని నమ్మి పని యిచ్చువా రెవరు?

ఐరోపాఖండమున ఫిన్‌లాండను చలిదేశము కలదు. 1987లో అచ్చట ఇల్లులేనివారు దాదాపు 18,000 మంది యుండిరి. త్రాగుడు మాని, నడవడి దిద్దుకొన్నవానికే ఇల్లిచ్చుట పూర్వపు పద్ధతి. 2008 మొదలు ప్రభుత్వము వరుస మార్చినది. మొదట తాళపుచెవి చేతి కిచ్చి, పిమ్మట వైద్యమును, పనిని, తోడును సమకూర్చినది. ఇంటిలో నున్నవాడు అద్దె చెల్లించును. చాలనిచో ప్రభుత్వము తోడ్పడును. 2023 నాటికి ఆ సంఖ్య సుమారు 3,400కు దిగెను. 2024లో మరల కొంత పెరిగెను. కావున ఒకసారి చేసి మరచుటకు వీలులేని పని యిది.

మన దేశమున 2011 జనాభా లెక్కలలో ఇల్లులేనివారు 17 లక్షలకు పైబడిరి. వారిలో 8 లక్షలకు మించినవారు పల్లెలలోనే యుండిరి.

పెద్దలారా! మీ యూర సత్రపుటరుగుపై పరుండువాని పేరడుగుడు. ఇంటిస్థలముల పట్టిక వ్రాయునపుడు ఆ పేరు చేర్పింపుడు. అంతవరకు తలదాచుకొన చోటు చూపుడు. పిదప పని చూపుడు. వాడు మన యూరివాడేయని నలుగురిలో మీరు పలికిన మాట వానికి మొదటి యాసరా యగును.