జింక పుర్రె తెల్లగా రావాలంటే బ్లీచ్ కాదు, ముందు జిడ్డు సంగతి చూడండి

టాపిక్ వినగానే కొంతమంది ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. భోజనం చేస్తూ చూసేవాళ్ళు వీడియో ఆపి, తినేసి రండి, నేనెక్కడికీ పోను.

నేను ఉండేది టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియో పక్కన. ఇక్కడ నవంబర్ మొదటి శనివారం తుపాకీతో జింకల వేట సీజన్ మొదలవుతుంది. లైసెన్సు ఉండాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళయితే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి. నేను వేటగాణ్ణి కాదు, తుపాకీ పట్టను. మా వీధిలో వాళ్ళు వేటాడి, మాంసం ఫ్రీజర్‌లో పెట్టుకుని, తల తెచ్చి నా చేతికిస్తారు. దాన్ని శుభ్రం చేసి, తెల్లగా చేసి, కొమ్ములతో సహా తిరిగి ఇస్తాను. దీన్నే ఇక్కడ యూరోపియన్ మౌంట్ అంటారు.

గోడ మీద జింక తల అనగానే మనకు సినిమాల్లో జమీందారు బంగళా గుర్తొస్తుంది కదా, చర్మం, గాజు కళ్ళు, చెవులు అన్నీ ఉండి బతికున్నట్టే చూస్తుంటుంది. ఇది అది కాదు. ఇందులో చర్మం ఉండదు. ఉట్టి పుర్రె, దాని మీద కొమ్ములు, వెనకాల ఒక చెక్క పలక. జర్మనీ, ఆస్ట్రియా వేటగాళ్ళ ఇళ్ళల్లో ఇలా పెట్టుకోవడం పాత అలవాటు. చాలావాటి మీద తేదీ, చోటు రాసి ఉంటాయి. చర్మంతో చేయిస్తే వందల డాలర్లు అవుతుంది. ఇదైతే పెరట్లో మనమే చేసుకోవచ్చు. అందుకే కుర్రాళ్ళు ఎక్కువగా దీనికే వస్తారు. ఇబ్బంది కూడా అక్కడే. ఎవరికి వాళ్ళు ఇంట్లో ఉన్న బ్లీచ్ తీసుకుని మొదలుపెట్టేస్తారు.

పోయిన ఏడాది ఒకాయన ఒక పుర్రె తెచ్చాడు. వాళ్ళ నాన్న కొట్టిన ఆఖరి జింక అది, ఆ తర్వాత వేసవిలో ఆయన పోయారు. అంతకుముందే ఎవరో తెలిసినవాళ్ళు బ్లీచ్ నీళ్ళల్లో రాత్రంతా నానబెట్టి ఇచ్చారట. తెచ్చిన రోజు పాలలాగా తెల్లగా ఉందట. నా దగ్గరికి వచ్చేసరికి వేలితో రాస్తే సుద్దముక్కలాగా పొడి రాలుతోంది. ముక్కు మీది రెండు పొడుగాటి ఎముకలు ఊడిపోయి ఒక జిప్‌లాక్ కవర్లో ఉన్నాయి. "ఏమైనా చెయ్యగలవా" అన్నాడు. పొడి రాలకుండా మ్యూజియం వాళ్ళు ఎముకలకు వాడే పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ని పల్చగా పట్టించాను, ఊడినవి అతికించాను. అంతే చెయ్యగలిగింది. పోయిన ఎముకను ఎవరూ తిరిగి తేలేరు.

ఎందుకలా అవుతుందంటే, ఎముక అంటే ఉట్టి సున్నం కాదు. సున్నంలాంటి ఖనిజం ఒకటి, దాన్ని పట్టుకుని ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్ ఒకటి. గోడలో ఇటుకలు, మధ్యలో మట్టి అనుకోండి. బట్టల బ్లీచ్, అంటే సోడియం హైపోక్లోరైట్, ఆ మట్టిని తినేస్తుంది. మీరు కడిగేసినా లోపలికి ఇంకింది పని చేస్తూనే ఉంటుంది. కాబట్టి బ్లీచ్ వద్దు. ఒక్క చుక్క కూడా వద్దు.

సరే, పనిలోకి వద్దాం. తల చేతికి రాగానే చర్మం ఒలిచెయ్యాలి. కళ్ళు, నాలుక, కింది దవడ, దొరికినంత మాంసం కత్తితో తీసెయ్యాలి. ఇక్కడ పెట్టిన అరగంట తర్వాత రెండు గంటలు మిగులుస్తుంది. మిగిలిన మాంసం తీయడానికి మూడు దారులున్నాయి.

అందరూ చేసేది ఉడకబెట్టడం. ఉడకబెట్టడం అన్నానని సలసల కాగబెట్టకండి. గట్టిగా మరిగిస్తే ఎముకల మధ్య అతుకులు విడిపోతాయి, ముక్కు ఎముకలు ఊడతాయి, లోపలి కొవ్వు కరిగి ఎముకలోకే ఇంకా లోతుకు దిగుతుంది. సన్నసెగ చాలు. పాయా పొయ్యి మీద ఎలా పెడతాం, పైన చిన్న చిన్న బుడగలు, ఆవిరి, అంతే. నీళ్ళల్లో కొంచెం చాకలి సోడా, అదే వాషింగ్ సోడా, ఒక పిండుడు గిన్నెలు తోమే లిక్విడ్. అరగంటకోసారి తీసి గీకడం, నీళ్ళు మురికైతే మార్చడం. ఇక్కడ క్రాఫిష్ ఉడకబెట్టే పెద్ద గ్యాస్ పొయ్యి, గిన్నె దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి, పెరట్లో పెట్టుకుంటే సరి. వంటింట్లో మాత్రం మొదలుపెట్టకండి, ఆ వాసన కర్టెన్లకు పడితే మీ ఇంట్లోవాళ్ళు పుర్రెతో పాటు మిమ్మల్నీ బయట పెడతారు.

రెండోది నీళ్ళల్లో మురగబెట్టడం. బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళు, మూత, రెండు మూడు వారాలు. బ్యాక్టీరియానే మాంసం అంతా తినేస్తుంది. ఎముకకు అన్నిటికంటే మంచి పద్ధతి ఇదే, నా ఓటు దీనికే. వేడి తగలదు కాబట్టి ముక్కు లోపలి కాగితంలాంటి పలుచటి ఎముకలు కూడా చెక్కుచెదరవు. కంపు గురించి మాత్రం నేను మాటల్లో చెప్పలేను. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు ఆ ఆలోచన మానుకోండి.

మూడోది పురుగులు. డెర్మెస్టిడ్ బీటిల్స్ అంటారు. పెద్ద పెద్ద నేచురల్ హిస్టరీ మ్యూజియంలలో వీటిని పెట్టెల్లో పెంచుతారు, సన్న ఎముకల మీది ఆఖరి పోగు వరకూ తినేస్తాయి. ఇది మనకు కొత్త పురుగేం కాదండోయ్. ఎండుచేపలు నిల్వ చేసే చోట పట్టి మొత్తం బొక్కలు చేసేసే పురుగు ఉంటుందే, అదే జాతి. ఉన్ని, తోలు, పక్కన ఉన్న ఇంకో మౌంట్ చర్మం, ఏది దొరికినా తింటాయి. అందుకని ఇంట్లో పెంచే సరదా పెట్టుకోకండి.

మెదడు సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. పుర్రె వెనకాల వెన్నుపాము దిగే రంధ్రం ఉంటుంది. అందులోంచి వంచిన తీగతో కలియబెట్టి, పైపు నీళ్ళతో బయటికి కొట్టాలి. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఎందుకంటే అమెరికా జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని ఒక జబ్బుంది. మొదట 1967లో కొలరాడోలో గమనించారు, టెక్సాస్‌లో 2012లో బయటపడింది. ప్రయాన్ అనే వంకర తిరిగిన ప్రోటీన్ వల్ల వస్తుంది, అది ఎక్కువగా మెదడు, వెన్నుపాములో ఉంటుంది. మరిగించినా అది చావదు, అసలు బతికుంటే కదా చావడానికి. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా నిర్ధారణ కాలేదు. కాకపోతే జబ్బున్న జింక మాంసం తినొద్దనే ఇక్కడి ఆరోగ్య శాఖ చెప్తుంది. చాలా రాష్ట్రాలు బయటి నుంచి మెదడుతో ఉన్న తలను లోపలికి రానివ్వవు, శుభ్రం చేసిన పుర్రె అయితే ఫర్వాలేదంటాయి. తీసిన మెదడును పెరట్లో పారెయ్యకండి, పాతిపెట్టకండి. రెండు కవర్లలో కట్టి చెత్త బండికి వెయ్యండి.

ఇప్పుడు అసలు పని. మాంసం పోగానే పుర్రె బాగానే కనిపిస్తుంది, అందరూ ఇక్కడే తొందరపడి తెల్లబరచడానికి పరిగెడతారు. ఆగండి. ఎముక లోపల స్పాంజిలాగా ఉంటుంది, ఆ గదుల నిండా కొవ్వు. దాన్ని తీయకుండా తెల్లబరిస్తే నెల రోజులు ముత్యంలా ఉంటుంది, తర్వాత నెమ్మదిగా పసుపు మచ్చలు పైకి తేలతాయి. ఆవకాయ జాడీ కింద పెట్టిన పేపర్‌కి నూనె మరక పాకుతుందే, అచ్చం అలాగ. దుమ్ము దాని మీదే అంటుకుంటుంది, ఎండాకాలంలో ముక్క వాసన కూడా వేస్తుంది.

జిడ్డు తీయడానికి పెద్ద మందులేం అక్కర్లేదు. బకెట్, గిన్నెలు తోమే లిక్విడ్, నీళ్ళు 45 నుంచి 50 డిగ్రీల దాకా వెచ్చగా ఉంచే ఏర్పాటు, ఓపిక. నీళ్ళు మబ్బుగా అయినప్పుడల్లా పారబోసి కొత్తవి పొయ్యండి. వేడి తగ్గి కరిగిన కొవ్వు మళ్ళీ ఎముక మీదే గడ్డకట్టకుండా చూడండి. జింకకు ఒకటి రెండు వారాలు పట్టొచ్చు. టెక్సాస్ నిండా అడవి పందులున్నాయి, ఆ తల ఎవరైనా తెస్తే నేను ముందే చెప్తాను, "మూణ్ణెల్ల దాకా ఫోన్ చెయ్యకు" అని. పందికి అంత కొవ్వు. అయిపోయిందని ఎలా తెలుస్తుందంటే, నీళ్ళు రెండు మూడు రోజులున్నా తేటగానే ఉండాలి. తర్వాత పుర్రెను బాగా ఆరబెట్టి చూడండి. ఎక్కడైనా తడి ఆరనట్టు ముదురు మచ్చ కనిపిస్తే అది తడి కాదు, జిడ్డు. మళ్ళీ బకెట్‌లోకే. కొంతమంది అసిటోన్‌లో ముంచుతారు, పని చేస్తుంది. కానీ నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి, ఇంట్లో వద్దు.

ఇంత చేశాక తెల్లబరచడం నిజంగా చిన్న పని. హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇక్కడ మందుల షాపులో 3 శాతం సీసా దొరుకుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పోసి, కొమ్ముల మొదలు తడవకుండా పుర్రెను ముంచి, ఒకటి రెండు రోజులు చూడండి. డబ్బా మూత బిగించకండి, ఆక్సిజన్ వాయువు పుడుతుంది, ఉబ్బి పేలుతుంది. పొయ్యి మీద అసలే పెట్టకండి. అంత ద్రవం వద్దనుకుంటే జుట్టుకు రంగు వేసే సెలూన్ సామాన్ల షాపులో 40 వాల్యూమ్ క్రీమ్ ఉంటుంది, అంటే సుమారు 12 శాతం. బ్రష్‌తో పూసి, పైన ప్లాస్టిక్ షీట్ చుట్టి, మర్నాడు కడిగెయ్యడమే. గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే వేళ్ళు తెల్లబడి చురచురలాడతాయి. అది బ్లీచ్‌లాగా ఎముకను గుల్ల చెయ్యదు, అందుకే దీన్ని వాడతాం.

ఎంత తెలుపు కావాలన్నది మీ ఇష్టం. ఈ మధ్య ఫోన్ ఫోటోల కోసమో ఏమో టాయిలెట్ సింక్‌లాంటి తెలుపు అడుగుతున్నారు. ఎముక ఎముకలాగా, కాస్త మీగడ రంగులో ఉంటేనే బాగుంటుందని నా అభిప్రాయం. పైన మెరిసే వార్నిష్ వెయ్యకండి, ప్లాస్టిక్ బొమ్మలా అవుతుంది, కొన్నాళ్ళకు అదే పసుపెక్కుతుంది.

కొమ్ముల రంగు పోతే మాత్రం మౌంట్ పోయినట్టే. జింక కొమ్ముకు ఆ గోధుమ రంగు చెట్లకు రుద్దుకోవడం వల్ల కూడా పడుతుంది, నీళ్ళల్లో ఉడికితే దిగిపోతుంది. పని మొదలయ్యే ముందే క్లింగ్ ఫిల్మ్ చుట్టి, మొదట్లో టేప్ గట్టిగా వేసెయ్యండి.

మా బాబాయ్ కొడుకు మార్కాపురం నుంచి ఫోన్ చేసి, "అన్నా, నల్లమల అంచున దుప్పి కొమ్ము దొరికింది, రాలిపోయిందే, నేనేం చంపలేదు, ఇంటికి తెచ్చుకోనా" అన్నాడు. తెచ్చుకోవద్దురా అన్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అందులో ట్రోఫీ అనే మాట నిర్వచనంలోనే కొమ్ము, ఎముక, పన్ను, గోరు, ఈక కూడా ఉన్నాయి. అవి ప్రభుత్వ ఆస్తి. చేతికొస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారికో తెలియజెయ్యాలి. పాత బంగళాల్లో మీరు చూసేవాటికి యాజమాన్య సర్టిఫికెట్ ఉండాలి. అమెరికాలో లైసెన్సుతో చేసే పని చూసి అక్కడ అడవిలో మొదలుపెడితే వ్యూస్ కంటే ముందు కేసు వస్తుంది. నేను సీరియస్‌గానే చెప్తున్నాను.

పని నేర్చుకోవాలనే ఉంటే ఊళ్ళో మటన్ కొట్టుకు వెళ్ళండి. పోతు తలకాయ అడగండి, కానీ కూరకిచ్చినట్టు ఇవ్వొద్దనండి. వాళ్ళు అలవాటు కొద్దీ బొచ్చు కాల్చేసి, మెదడు కోసం నడినెత్తిన కత్తి వేసేస్తారు. "కాల్చకుండా, కొట్టకుండా" అని రెండుసార్లు చెప్పండి. మందుల షాపులో 6 శాతం పెరాక్సైడ్ దొరుకుతుంది, సగానికి సగం నీళ్ళు కలుపుకోండి. మేక కొమ్ము జింక కొమ్ములాంటిది కాదు. పైన గోళ్ళలాంటి పదార్థంతో తొడుగు ఉంటుంది, లోపల ఎముక బొడిపె. ఆ రెంటి మధ్య కండ ఉంటుంది, దాన్ని వదిలేస్తే లోపలే కుళ్ళుతుంది. సన్నసెగ మీద కాసేపు ఉంచి మెలి తిప్పితే తొడుగు ఊడి వస్తుంది. లోపల గీకి విడిగా ఆరబెట్టుకోండి. బొడిపెకు పుర్రెతో పాటే జిడ్డు తీయండి. అన్నీ ఆరాక తొడుగు లోపల కొంచెం ఎపాక్సీ పెట్టి మళ్ళీ ఎక్కించెయ్యడమే. కుడిదేదో ఎడమదేదో ఊడదీసేటప్పుడే టేప్ మీద రాసి పెట్టుకోండి. పలకకు బిగించడం వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను.