రెండు పంక్తుల సవరణ

పూర్వపు వాల్వు రేడియో వేడెక్కి పలుకుటకు కొంత వ్యవధి పట్టెడిది. నేటి టెలివిజనుకు, ఇంటర్నెట్టు రౌటరుకు గూడ అట్టి వ్యవధి కలదు. ఆ కొంతసేపు మేలుకొని యుండి, ప్రధాన వ్యవస్థను లేపి, తాను తప్పుకొను చిన్న ప్రోగ్రామును బూట్‌లోడరు అందురు. వీనిలో యూ-బూట్ ప్రసిద్ధము. 2002లో దానికా పేరు వచ్చినది. దాని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, సవరణ పంపవచ్చును. 2022లో ఏఎండీలో చేరిన జైలింక్స్ సంస్థకై హైదరాబాదులో పనిచేసిన ఇంజనీర్లును అట్టి సవరణలు పంపినవారే.

సవరణ రెండు పంక్తులదే కావచ్చును. అయినను వేరొకరు చదివి యొప్పుకొననిదే దానిని చేర్చుట మర్యాద కాదు. మెమరీలో చోటడుగు సవరణయైనచో మరింత నిదానింతురు. కారణము వినుడు. యంత్రము లేచిన తొలి క్షణములలో పెద్ద మెమరీ యింకను సిద్ధము కాదు. చిప్పులోని కొద్దిపాటి చోటే దిక్కు. అచ్చట యూ-బూట్ వాడు సులభపు పద్ధతి చోటు నిచ్చుటయే కాని మరల తీసికొనుట యెరుగదు. కనుక "ఈ పంక్తి ఎన్నిసార్లు నడచును?" అనునది తొలి ప్రశ్న.

రెండవది గుణకారము. ఒక్కొక్కటి 65,536 బైట్ల వస్తువులు 65,537 కావలెననుకొందము. లబ్ధము 4,29,50,32,832. కాని 32 బిట్ల లెక్కలో 4,29,49,67,296 చేరగానే అంకె సున్నకు తిరిగిపోవును. మిగులునది 65,536 మాత్రమే. ఊరందరికి విస్తళ్ళు వేయ సంకల్పించి, ఒక్క విస్తరికి చోటు సంపాదించి, అందరిని పిలిచినట్లు! వచ్చినవారు పొరుగింటి పంక్తిలో కూర్చుందురు.

ఇది ఊహ కాదు. గ్రబ్ అను మరియొక బూట్‌లోడరులో 2020 జూలైలో "బూట్‌హోల్" అను లోపము వెల్లడియైనది. దానితోపాటు ఇట్టి గుణకార దోషములును బయటపడినవి. వీనివలన సెక్యూర్ బూట్ అను కాపలాయే వమ్ము కాగలదు. సరిదిద్దినవారు పరిమాణమును, సంఖ్యను వేరువేరుగా నడిగి, లబ్ధము హద్దు మీరినచో నిరాకరించు పద్ధతిని ప్రవేశపెట్టిరి.

నిరాకరించిన పిమ్మట? నా మట్టుకు ఈ మూడవ ప్రశ్నయే ముఖ్యము. చోటు లేదన్న జవాబుగా సున్న వచ్చును. దానిని చూడక వ్రాసినచో యంత్రము ఒక్క యక్షరమైనను చూపక నిలిచిపోవచ్చును. కొన్నవారు విద్యుచ్ఛక్తిని అనుమానింతురు. కొన్ని బోర్డులలో సున్న చిరునామాయు నిజమైన మెమరీయే. అచ్చట తప్పు వ్రాత నిశ్శబ్దముగా సాగిపోవును. అది మరింత చెడ్డ. పరీక్షించువారి బల్లమీద చోటు సాధారణముగా దొరకుచునే యుండును గనుక ఆ దారి నడువనే నడువదు. దానిని కంటితో చదివి పట్టుకొనవలసినదే.