ఈగ లిపికి పాఠాంతరములు



ముగ్గిన అరటిపండుపై మూగు చిన్న పండ్ల ఈగను తోలనివారు లేరు. దాని కణములందు నాలుగే అక్షరములతో వ్రాయబడిన జన్యులిపి కలదు. 2000వ సంవత్సరమున అమెరికాయందలి సెలెరా సంస్థయు, బర్కిలీ శాస్త్రజ్ఞులును కలసి అందలి ముఖ్యభాగమును, ఇంచుమించు 12 కోట్ల అక్షరములను, చదివి ప్రకటించిరి.

అయినను ఒక్క ప్రతినిబట్టి ఏది సారమో, ఏది కాదో తేలునా? తాళపత్ర గ్రంథమును పరిష్కరించువారు పెక్కు ప్రతులను సరిచూతురు గదా! 2007లో 12 జాతుల పండ్ల ఈగల లిపులను అట్లే పోల్చిరి. కోట్ల యేండ్లు వేరుగా బ్రతికినను అన్నింటను మారక నిలిచిన భాగములు ప్రాణమునకు ముఖ్యములై యుండునని గ్రహించిరి. అంతకుముందు కానరాని జన్యువులును బయటపడినవి.

ప్రతులు నశించినచో పాఠము నిర్ణయింప వీలుపడదు. కావున ఈగజాతినైనను, ఈ గ్రంథాలయమందలి చిరిగిన పుస్తకమునైనను అల్పమని పారవేయరాదు. స్వస్తి.